బోటింగ్ చెరువు కట్ట భద్రత: ఏం చూడాలి, ఎలా కొలవాలి, ఎక్కడ ఏం కట్టకూడదు

తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయతో పాటు మినీ ట్యాంక్‌బండ్‌లు వచ్చాయి. ఆంధ్రలోనూ చాలా ఊళ్లలో చెరువు కట్టల మీద వాకింగ్ ట్రాక్‌లు, లైట్లు, బోట్లు కనిపిస్తున్నాయి. ఫామ్‌హౌస్‌లు, రిసార్టుల వాళ్లు చిన్న వాగుకు అడ్డంగా మట్టికట్ట వేయించుకుని సొంత చెరువు చేసుకుంటున్నారు. పిల్లలు నీళ్ల పక్కన ఆడుకోవాలని, పెద్దవాళ్లు సాయంత్రం నాలుగడుగులు నడవాలని అనుకోవడంలో తప్పేమీ లేదు.

కానీ ఆ కట్టల్లో చాలా వాటిని వేసింది వరి పొలాలకు నీళ్లివ్వడానికి. అప్పట్లో వేసవి వచ్చేసరికి చెరువు ఎండేది, కట్ట లోపలి వైపు కూడా కంటికి కనిపించేది. ఇప్పుడు బోట్ల కోసం ఏడాదంతా నింపి ఉంచుతున్నారు. కట్ట కింద పొలాలుండే చోట కాలనీలు వచ్చాయి. మట్టి మాత్రం పాతదే. ఎండాకాలంలో తూము (చెరువు నీటిని బయటికి వదిలే తలుపు దారి) తీసి, వానాకాలంలో కట్ట మీదే పడుకుని కాపలా కాసిన నీరటి (రాయలసీమలో నీరుగంటి) చాలా ఊళ్లలో ఇప్పుడు లేడు.

అందుకే కట్ట బాధ్యత చూసే పంచాయతీ, మున్సిపాలిటీ, కాలనీ సంఘం, రిసార్టు యజమాని ఎవరైనా సొంతంగా చేయగలిగిన పనులు ఇక్కడ వరుసగా రాస్తున్నాను. వీటన్నిటి వెనుక ఉన్న మాట ఒకటే. అందం కోసం ఏం చేసినా మూడు చోట్లను మూయకండి: అలుగు (చెరువు నిండాక మిగులు నీరు పొర్లి పోయే చోటు), కట్ట బయటి వాలు, తూము. మట్టికట్టలు తెగిన చాలా కేసుల్లో ఈ మూడింట్లో ఒకదాన్ని ఎవరో మూసేసి ఉంటారు, లేదా అక్కడ కనిపించిన గుర్తును ఎవరూ పట్టించుకుని ఉండరు.

ముందుగా కట్ట లెక్క ఒక కాగితం మీదికి తీసుకోండి

కట్ట పొడవు, పైభాగం వెడల్పు, బయటి వైపు కట్ట పాదం నుంచి పైదాకా ఎత్తు, రెండు వైపులా వాలు, అలుగు పొడవు, అలుగు మట్టం నుంచి కట్ట పైభాగం ఎంత ఎత్తులో ఉంది, తూములు ఎన్ని, ఎక్కడ. ఇవన్నీ టేపుతో కొలవగలిగినవే. వాలు 2:1 అంటే ప్రతి మీటరు ఎత్తుకు అడ్డంగా 2 మీటర్లు. చిన్న కట్టలకు బయటి వైపు సాధారణంగా 2:1, నీటి వైపు అంతకంటే కాస్త పరుపుగా 2.5:1 వరకు ఉంచుతారు. పాత కట్టల్లో 1.5:1 ఉన్నవీ కనిపిస్తాయి. ఇంకా నిటారుగా ఉంటే మాత్రం ఇంజనీరును పిలవాల్సిందే.

ఆ తర్వాత నీళ్ల లెక్క. పది ఎకరాల చెరువులో సగటున 2 మీటర్ల లోతు ఉందనుకుంటే 80 వేల క్యూబిక్ మీటర్ల పైచిలుకు నీరు, అంటే 80 వేల టన్నుల బరువు. చూడటానికి చిన్న చెరువే. గండి పడితే అందులో ఎక్కువ భాగం గంటలోపే కిందికి వచ్చేయగలదు.

కాగితం మీద అన్నిటికంటే ముఖ్యమైన గీత కట్ట కింది వైపుది. గండి పడితే నీళ్లు ఏ దారిన పోతాయో ఆ దారంతా నడిచి వెళ్లి ఇళ్లు, బడి, రోడ్డు, కల్వర్టు, కోళ్ల ఫారం, పనివాళ్ల గుడిసెలు అన్నీ రాసుకోండి. అమెరికాలో డ్యామ్‌కు 'అధిక ప్రమాదం' తరగతి ఇచ్చేటప్పుడు కట్ట బాగుందా లేదా అని చూడరు, తెగితే కింద ప్రాణాలు పోతాయా అని చూస్తారు. మనమూ అలాగే చూడాలి. కింద వట్టి పొలాలే ఉన్న 6 మీటర్ల కట్ట కంటే, కింద కాలనీ ఉన్న 3 మీటర్ల కట్టకే ఎక్కువ కాపలా కావాలి.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 2021 డ్యామ్ భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన డ్యామ్‌లకు, కొన్ని షరతులతో 10 నుంచి 15 మీటర్ల వాటికి వర్తిస్తుంది. వానలకు ముందు, వానల తర్వాత తనిఖీ తప్పనిసరి అనే నియమం వాటికే. మన ఊరి చెరువులు చాలా వరకు ఆ ఎత్తుకు రావు. కాబట్టి ఈ కట్టను ఎవరో చూసుకుంటారులే అని వదిలేయలేం. ఇక వాగుకు అడ్డంగా కొత్తగా కట్ట వేయాలనుకునేవాళ్లు జేసీబీని పిలిచే ముందు ఇరిగేషన్, రెవెన్యూ అధికారుల అనుమతి తీసుకోవాలి.

అలుగు: ఇక్కడ రాజీ పడకండి

మట్టికట్ట మీదుగా నీళ్లు పొర్లితే ఆ కట్ట నిలవదు. బయటి వాలు మీద పారే నీరు మట్టిని కోసుకుంటూ వెనక్కి వస్తుంది, కాసేపటికే గండి. అమెరికా డ్యామ్ భద్రతా అధికారుల సంఘం లెక్కల్లో అక్కడి డ్యామ్ వైఫల్యాల్లో సుమారు మూడోవంతు ఇలా పొర్లడం వల్లే. మన దగ్గర 2021 నవంబర్ 19న రాజంపేట దగ్గర చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయింది కూడా వరద కట్ట మీదుగా పొర్లినందుకే.

విహారం కోసం అలుగును పాడుచేస్తే ఏమవుతుందో చెప్పడానికి పెన్సిల్వేనియాలోని సౌత్ ఫోర్క్ డ్యామ్‌ను మించిన ఉదాహరణ లేదు. మొదట ప్రభుత్వం ఒక కాలువకు నీళ్లివ్వడానికి కట్టిన మట్టి డ్యామ్ అది, సుమారు 22 మీటర్ల ఎత్తు. తర్వాత చేతులు మారింది. మధ్యలో ఒక యజమాని అడుగున ఉన్న ఇనుప తూము గొట్టాలను పీకించి పాత ఇనుము కింద అమ్మేశాడు. 1879లో పిట్స్‌బర్గ్ సంపన్నుల వేట, చేపల క్లబ్బు చేతికి వచ్చింది. ఆండ్రూ కార్నెగీ, హెన్రీ ఫ్రిక్ లాంటి వాళ్లు అందులో సభ్యులు. గుర్రపు బగ్గీలు రెండు ఎదురెదురుగా పోవడానికి వీలుగా కట్ట పైభాగాన్ని కాస్త దించి వెడల్పు చేశారు. సరస్సులో వదిలిన చేపలు బయటికి పోకుండా అలుగుకు జాలీలు బిగించారు. 1889 మే 31న కుండపోత వాన. జాలీలకు చెత్త పట్టేసింది. నీళ్లు దించుదామంటే తూము లేదు. కట్ట మీదుగా పొర్లి డ్యామ్ తెగింది. కింద ఉన్న జాన్స్‌టౌన్‌లో, ఆ లోయలో 2,209 మంది చనిపోయారు.

రోడ్డు, జాలీ, లేని తూము. మన చెరువుల దగ్గర ఈ మూడూ నేటికీ కనిపిస్తాయి.

బోటింగ్ కాంట్రాక్టరు అయినా, చేపల కాంట్రాక్టరు అయినా, ఇంకో అడుగు నీరు నిలవాలని అలుగు మీద ఇసుక బస్తాలు పేర్చడం మామూలైపోయింది. దాని ఫలితం లెక్కలో చూడండి. వెడల్పాటి అలుగు మీద సెకనుకు ఎన్ని క్యూబిక్ మీటర్లు పోతాయో తెలియాలంటే నీటి లోతును దాని వర్గమూలంతో గుణించి, ఆ వచ్చినదాన్ని అలుగు పొడవుతోనూ 1.7తోనూ గుణించాలి. 10 మీటర్ల అలుగు మీద 50 సెం.మీ. లోతు నీరు పోతే దాదాపు 6 క్యూబిక్ మీటర్లు. కట్ట ఎత్తు పెరగదు కాబట్టి నీళ్లు లేవగల హద్దు అదే. అలుగు మీద 30 సెం.మీ. బస్తాలు పేర్చారంటే మిగిలే లోతు 20 సెం.మీ. అప్పుడు పోయేది దాదాపు 1.5 క్యూబిక్ మీటర్లు. అడుగు బస్తాలతో అలుగు శక్తి నాలుగో వంతుకు పడిపోయింది.

మరి పైనుంచి వచ్చేది ఎంత? ఒక చదరపు కిలోమీటరు పరీవాహకంలో (వాన నీరు చెరువులోకి పారి వచ్చే నేలలో) గంటకు 100 మి.మీ. వాన పడి, అందులో సగం పారినా సెకనుకు దాదాపు 14 క్యూబిక్ మీటర్లు వస్తాయి. నిండేదాకా చెరువు కొంత మింగుతుంది. ముందే నిండి ఉన్న బోటింగ్ చెరువు మాత్రం ఎక్కువ మింగలేదు. పైన లేఅవుట్లు, సిమెంటు రోడ్లు వస్తే పారే వాటా ఇంకా పెరుగుతుంది. తాతల కాలంలో సరిపోయిన అలుగు ఇవాళ సరిపోతుందన్న భరోసా లేదు. పరీవాహకం మారిన ప్రతి చెరువుకూ అలుగు లెక్క ఇరిగేషన్ ఇంజనీరుతో మళ్లీ వేయించాలి.

కాబట్టి చేయాల్సినవి: వానలకు ముందు అలుగు మీద, అలుగు కాలువలో పెరిగిన తుమ్మ, గుర్రపుడెక్క, పడేసిన శిథిలాలు తీసేయాలి. చేపల జాలీ తప్పదంటే అలుగు మీద బిగించకండి, ఎగువన నీళ్లలో తేలేలా, వరద వస్తే తెగి పక్కకు పోయేలా కట్టుకోండి. అలుగు కాలువ కింద రోడ్డుకు వేసిన గొట్టాలు అలుగు ఇవ్వగలిగినంత నీటిని పంపలేకపోతే అలుగు ఎంత పెద్దదైనా లాభం లేదు, ఆ గొట్టాలు కూడా కొలవండి. అలుగు మీద నడక వంతెన వేస్తే దాని స్తంభాలకు చెత్త పట్టకుండా ఒకే అంగలో దాటేలా వేయించండి.

కట్ట పైభాగంలో పల్లం ఎక్కడుందో పట్టుకోండి

కట్ట ఎత్తు అంటే దాని అతి తక్కువ ఎత్తు. 300 మీటర్ల కట్టలో ఒక్క చోట అడుగు కుంగితే నీళ్లకు అదే దారి. కంటికి ఈ తేడా దొరకదు, టైల్స్ పరిచాక అసలే దొరకదు.

దీనికి ఖరీదైన పరికరం అక్కర్లేదు. మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపు చాలు. 25, 30 మీటర్ల పారదర్శక ప్లాస్టిక్ గొట్టం తీసుకుని, ఒక కొన బకెట్లో ముంచి, రెండో కొన నుంచి మెల్లగా లాగి నింపండి. లోపల గాలి బుడగ ఒక్కటి ఉన్నా లెక్క తప్పుతుంది, వెలుతురులో పట్టుకుని మొత్తం పొడవునా చూడండి. రెండు కొనలూ పక్కపక్కన పెట్టినప్పుడు నీటిమట్టం సమంగా ఉంటే పైపు సిద్ధం. అలుగు గోడ పైభాగాన్ని మూలంగా పెట్టుకోండి. ఒకరు అక్కడ స్కేలుతో పాటు పైపు కొన పట్టుకోవాలి, ఇంకొకరు 20 మీటర్లు నడిచి రెండో స్కేలు కట్ట మీద నిలబెట్టాలి. నీళ్లు ఊగడం ఆగేదాకా ఆగి, ఇద్దరూ ఒకేసారి చదవాలి. తేడా రాసుకుని, ఆ కొత్త చోటును మూలంగా తీసుకుని ముందుకు సాగాలి. ఇద్దరు మనుషులకు ఒక పూట పని. చివరికి కట్ట పొడవునా ఎత్తుపల్లాల గీత మీ నోటు పుస్తకంలో ఉంటుంది. ఏటా అదే చోట్ల కొలిస్తే ఎక్కడ కుంగుతోందో తెలుస్తుంది.

అలుగు నిండుగా పారుతున్నప్పుడు కూడా నీటిమట్టానికీ కట్టలోని అతి పల్లానికీ మధ్య కనీసం ఒక మీటరు ఉండాలి. లేకపోతే పల్లాన్ని మట్టితో, పొరలు పొరలుగా గట్టిపరిచి ఎత్తు పెంచాలి. పైన పార్కు గోడ కట్టేసి ఎత్తు పెంచామనుకోకండి. ఇటుక గోడ అందానికే, వరదను ఆపదు.

బయటి వాలు: ఊటను చదవడం నేర్చుకోండి

మట్టికట్ట నుంచి కొద్దిగా చెమ్మ రావడం సహజం. ఏ మట్టీ నీళ్లను పూర్తిగా ఆపదు. ఆ చెమ్మ ఎక్కడ వస్తోంది, ఎంత వస్తోంది, మట్టిని మోసుకొస్తోందా అన్నవే చూడాల్సినవి. ఈ బాధ పాతదే. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించారు. ఆ దోషాల్లో మొట్టమొదటిది కట్ట నుంచి నీరు ఊరడం.

ఊట దారి వెంట మట్టి రేణువులు కొద్దికొద్దిగా కొట్టుకుపోతే కట్ట లోపల సన్నని బుంగ మొదలవుతుంది. అది బయటి నుంచి లోపలికి, నీటి వైపుకు పెరుగుతుంది. పైకి ఏమీ కనిపించదు. నీళ్లను అందుకున్నాక బుంగ గంటల్లోనే వెడల్పై, పైన మట్టి కూలి, గండి పడుతుంది.

తనిఖీకి ఉదయం లేదా సాయంత్రం ఏటవాలు ఎండలో వెళ్లండి, చిన్న గుంటలు, ఉబ్బులు నీడల్లో తేలిగ్గా కనిపిస్తాయి. కట్ట మీద నుంచి చూస్తే సరిపోదు. బయటి వాలు మీద పైనుంచి కిందికి, కిందినుంచి పైకి అడ్డదిడ్డంగా నడవాలి, తర్వాత పాదం వెంట ఒక కొన నుంచి ఇంకో కొనకు. చేతిలో ఇనుప చువ్వ ఉంటే మెత్తబడిన చోట సులువుగా దిగుతుంది. మే నెలలో గడ్డంతా ఎండిపోయి ఒక్క చోటే పచ్చగా ఉందంటే కింద చెమ్మ ఉంది. తుంగ మొలిచిందంటే అది ఎప్పటి నుంచో ఉంది. తూము గొట్టం బయటికి వచ్చే చోట చుట్టూ చూడటం మరవకండి, మట్టికీ గొట్టానికీ మధ్య సందు నీళ్లకు ఇష్టమైన దారి.

ఊట కనిపిస్తే ఒక గాజు సీసాలో పట్టి, కదపకుండా గంట సేపు పెట్టండి. అడుగున మట్టి పేరుకుంటే విషయం ఆ రోజే ఇంజనీరుకు చేరాలి. నారింజ రంగు జిగురు కనిపిస్తే కంగారు పడకండి, అది తరచుగా ఇనుము వల్ల వచ్చే బాక్టీరియా పొర. చేతి వేళ్ల మధ్య నలిపితే మట్టి గరుకుగా ఉంటుంది, ఇది జిగటగా జారుతుంది.

తర్వాత ఊటను కొలవడం మొదలుపెట్టండి. ఊట ఒక చిన్న కాలువలోకి వచ్చేలా చేసి 20 లీటర్ల బకెట్ ఎన్ని సెకన్లలో నిండుతుందో చూడండి. ఊట ఎక్కువైతే రేకులో 90 డిగ్రీల వి ఆకారపు కోత కోసి కాలువకు అడ్డం పెట్టండి. కోత మొన నుంచి నీటి ఎత్తు 5 సెం.మీ. ఉంటే సెకనుకు ముప్పావు లీటరు పైచిలుకు, 10 సెం.మీ. ఉంటే 4.4 లీటర్లు. ఎత్తు రెండింతలైతే నీరు ఐదున్నర రెట్లు దాటుతుంది, అందుకని ఆ స్కేలు మీద ఒక్క సెంటీమీటరు పెరిగినా తేలిగ్గా తీసుకోకండి. ప్రతిసారీ ఆ రోజు చెరువు మట్టం కూడా పక్కనే రాయాలి. చెరువు మట్టం పెరిగితే ఊట పెరగడం సహజం. మట్టం అలాగే ఉండి ఊట పెరిగితే లోపల ఏదో మారింది. ఉన్నట్టుండి ఆగిపోయినా అనుమానించాల్సిందే, దారి మూసుకుని నీరు ఇంకో చోట తేలొచ్చు.

ఊట వచ్చే చోట సిమెంటు పూయడం, పాదం వెంట రంధ్రాల్లేని గోడ కట్టడం పార్కు పనుల్లో నేను ఎక్కువగా చూసే పొరపాట్లు. నీళ్లు బయటికి పోలేక కట్టలోనే పైకి ఎగబాకుతాయి, వాలు బరువెక్కి జారుతుంది. నీళ్లను బయటికి రానివ్వాలి, మట్టిని మాత్రం ఆపాలి. దానికి ముతక ఇసుక, దాని మీద సన్న కంకర, దాని మీద రాళ్లు, ఈ వరుసలోనే వడపోత పొరలు వేయించాలి.

పగుళ్లలో కట్టకు అడ్డంగా, నీటి వైపు నుంచి బయటికి పోయేవి అన్నిటికంటే ప్రమాదం. పొడవునా నెలవంకలా వంగి, కింద పాదం దగ్గర ఉబ్బు కనిపిస్తే వాలు జారడం మొదలైంది. పగులుకు రెండు వైపులా మేకులు కొట్టి మధ్య దూరం రోజూ కొలవండి, వాన నీరు లోపలికి దిగకుండా పైన ప్లాస్టిక్ షీటు కప్పండి.

జార్జియా రాష్ట్రంలో టొకోవా ఫాల్స్ దగ్గర కెల్లీ బార్న్స్ డ్యామ్ ఉండేది. సుమారు 12 మీటర్ల ఎత్తు. 1957 దాకా కరెంటుకు వాడి, తర్వాత ఒక బైబిల్ కాలేజీ దాన్ని విహార సరస్సుగా ఉంచుకుంది. బయటి వాలు దాదాపు 1:1, చెట్లతో నిండి ఉండేది. 1973 నాటి ఫొటోలో ఆ వాలు మీద మట్టి జారిన గుర్తు కనిపిస్తుంది. 1977 నవంబర్ 6 తెల్లవారుజామున, వానల తర్వాత తెగింది. కింద నిద్రలో ఉన్న 39 మంది చనిపోయారు. విచారణ బృందం ఒకే కారణం తేల్చలేకపోయింది. నిటారు వాలు జారడం, లోపల బుంగ పడటం లాంటివి కలిసి పనిచేసి ఉంటాయంది. తర్వాత అమెరికా ప్రభుత్వం దేశమంతటా ప్రైవేటు డ్యామ్‌లను తనిఖీ చేయించింది. ఆ వాలు మీద నడిచి చూసేవాళ్లు నాలుగేళ్ల ముందే ఉండాల్సింది.

చెట్లు, కలుగులు

కట్ట మీద మొక్కలు నాటే కార్యక్రమాలకు నేను పూర్తిగా వ్యతిరేకం. ఈ మాట చాలామందికి నచ్చదని తెలుసు. చెట్టు బతికున్నంత కాలం గాలికి ఊగి మట్టిని వదులు చేస్తుంది, పడిపోతే వేళ్లతో పాటు కట్టలో పెద్ద ముక్క లేస్తుంది. చచ్చిపోతే వేళ్లు కుళ్లి గొట్టాల్లాంటి ఖాళీలు మిగులుతాయి. నీడ కావాలంటే కట్ట పాదం నుంచి కనీసం 8 మీటర్ల అవతల నాటండి. కట్ట మీద పొట్టి గడ్డి ఉంటే చాలు, అదీ కోస్తూ ఉండాలి. చిన్న తుమ్మ మొక్కల్ని ఇప్పుడే వేళ్లతో పీకించండి. మొద్దు బాగా లావెక్కిన చెట్టును మాత్రం ఇష్టం వచ్చినట్టు నరికి వదిలేయకండి. చెరువు తగ్గినప్పుడు వేళ్లతో సహా తవ్వి, గుంతను మంచి మట్టితో పొరలుగా గట్టిపరచాలి, ఇంజనీరు దగ్గర ఉండాలి.

పందికొక్కులు, ఎలుకలు, ఎండ్రకాయలు, చెదపురుగులు కట్టను గుల్ల చేస్తాయి. 2019 జూలై 2న మహారాష్ట్ర రత్నగిరి జిల్లాలో తివరే అనే చిన్న మట్టి డ్యామ్ తెగి సుమారు 20 మంది చనిపోయినప్పుడు, ఎండ్రకాయల వల్లే తెగిందని అప్పటి మంత్రి ఒకరు అన్నారు. లీకుల గురించి ముందే ఫిర్యాదు చేశామని ఊరివాళ్లు చెప్పారు. ఎండ్రకాయలు బొరియలు చేసేమాట నిజమే. వాటిని వెతికి పూడ్చే మనిషిని పెట్టడం మన పని. బొరియ నోరు మూస్తే చాలదు. మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి గంజిలా పలుచగా చేసి, గొట్టంతో లోపలిదాకా పోసి నింపాలి.

తూము పనిచేయాలి, నీళ్లు మెల్లగా దిగాలి

ఏడాదంతా నీళ్లు నిలిపే చెరువులో తూము తలుపు తుప్పు పట్టి బిగుసుకుపోవడం చాలా మామూలు. కట్టకు ప్రమాదం వచ్చిన రోజు నీటిమట్టం దించడానికి ఉన్న దారి అదొక్కటే. ఏడాదికి రెండుసార్లయినా పూర్తిగా ఎత్తి దించండి, మరకు గ్రీజు పెట్టండి, తాళం చెవి ఎవరి దగ్గరుందో ఇద్దరు ముగ్గురికి తెలియాలి. తూమును మట్టితో పూడ్చి దాని మీద సెల్ఫీ పాయింట్ కట్టిన చోట వెంటనే తెరిపించాలి.

కొన్నేళ్లకోసారి వేసవిలో చెరువు దించి లోపలి వాలు చూడాలి. దించేటప్పుడు రోజుకు ఒక అడుగు మించకూడదు. నీళ్లు ఒక్కసారిగా తగ్గితే నానిన లోపలి వాలుకు ముందున్న ఆసరా పోయి మట్టి జారుతుంది. ఎండి పగుళ్లిచ్చిన కట్టను తిరిగి నింపేటప్పుడు కూడా తొందర వద్దు, మొదటి నింపుడులో రోజూ ఒకరు పాదం వెంట నడవాలి.

పార్కు, బోట్లు, పండుగలు

కట్టకు అడ్డంగా కేబుల్, పైపు వేయడానికి కందకం తవ్వనివ్వకండి. మొక్కలకు నీళ్ల పైపులు కట్ట లోపలినుంచి పోతే, అవి లీకైన రోజు ఏది పైపు నీరో ఏది చెరువు నీరో తెలియక టెన్షన్, ఆలోగా కట్ట మట్టి కోసుకుపోవచ్చు. దీప స్తంభాల పునాదులు చిన్నవిగా, బయటి అంచుకు దూరంగా ఉండాలి. నడకదారికి సిమెంటు బిగించిన టైల్స్ కంటే ఇంటర్‌లాక్ బిళ్లలు నయం, కింద కుంగితే పైన కనిపిస్తుంది, ఎత్తి చూడొచ్చు. విగ్రహాలు, స్టేజీలు, హోటళ్లు కట్ట మీద వద్దు. బయటి పాదాన్ని ఆనుకుని పిల్లల పార్కు అసలే వద్దు.

బోటు జెట్టీని కట్టకు కాకుండా చెరువు పక్క ఒడ్డుకు కట్టండి. స్పీడ్ బోట్ల అలలు రాళ్లు లేని వాలును తినేస్తాయి. రాతి కట్టు ఉన్నా, రాళ్ల కింద కంకర పొర లేకపోతే అలలు సందుల్లోంచి మట్టిని లాగేస్తాయి. అలుగుకు, తూముకు దూరంగా తేలే బోయలతో తాడు కట్టి బోట్లు అటు పోకుండా చూడాలి. అలుగు పారుతున్న రోజు బోటింగ్ బంద్. లైఫ్ జాకెట్ లేనిదే ఎవరినీ ఎక్కించకూడదు.

బతుకమ్మ, వినాయక నిమజ్జనం వచ్చేది సరిగ్గా చెరువు నిండే రోజుల్లో. ఘాట్ మెట్ల కోసం కట్టను కోయకండి, పక్కన సహజంగా ఎత్తైన నేల మీద కట్టించండి. క్రేన్లు, లారీలు కట్ట మీదికి రాకుండా పోలీసులతో ముందే మాట్లాడుకోండి.

మరమ్మతుకు ఏ మట్టి?

నల్లరేగడి నీళ్లను బాగా ఆపుతుంది, కానీ ఎండితే పగుళ్లిస్తుంది. అందుకే దాన్ని లోపల ఉంచి పైన మొరం కప్పాలి. కొన్ని మట్టులు నీళ్లలో వాటంతటవే కరిగిపోతాయి. తెలుసుకోవడానికి ఒక గాజు గ్లాసులో శుభ్రమైన నీళ్లు పోసి, బఠాణీ గింజంత మట్టి గడ్డ వదలండి, కదపకండి. ఐదు పది నిమిషాల్లో గడ్డ చుట్టూ పాలలాంటి మబ్బు పరుచుకుంటే ఆ మట్టి కట్టకు పనికిరాదు, ల్యాబుకు పంపండి. గడ్డ విడిపోయినా నీరు తేటగా ఉంటే ప్రాథమికంగా ఫర్వాలేదు. మట్టిని 20 సెం.మీ. పొరలుగా పరిచి, తడి సరిచూసి, రోలర్‌తో గట్టిపరచాలి. పాత వాలుకు మెట్లు కోసి కొత్త మట్టిని కలపాలి, నున్నటి వాలు మీద పోస్తే పొరలా జారిపోతుంది.

కట్ట ప్రమాదంలో ఉన్న రోజు

2021 నవంబర్‌లో తిరుపతి దగ్గర రాయల చెరువు కట్టకు లీకు పడినప్పుడు కింది ఊళ్లవాళ్లను ముందుగా ఖాళీ చేయించి, తర్వాత కట్ట పనులు చేశారు. ఆ వరుస సరైనది. బురద నీరు ఊరడం, పాదం దగ్గర ఇసుక బుడబుడమంటూ ఉబకడం, చెరువులో సుడి తిరగడం, వాలు జారడం, కట్ట అంచు దాకా నీరు రావడం, వీటిలో ఏది కనిపించినా మొదటి ఫోన్ కింద ఇళ్లవాళ్లకు, 112కు, తహసీల్దారుకు, ఇరిగేషన్ ఏఈకి. గుడి మైకు, మసీదు మైకు, దండోరా అన్నీ వాడండి. జాబితా ముందే రాసి ఉంటే అర్ధరాత్రి వెతుక్కోనక్కర్లేదు. ఎత్తైన ఏ చోటికి పోవాలో కూడా ముందే చెప్పి ఉంచండి, రోడ్డు కల్వర్టు దాటి పోయే దారి చూపకండి.

జనం కదిలాకే కట్ట పని. తూము తెరవండి. అలుగు మీద చెత్త తీయండి. పల్లంగా ఉన్న చోట కట్ట మీద ఇసుక బస్తాలు వేయండి, అలుగు మీద మాత్రం వేయకండి. ఇసుక ఉబికే చోట చుట్టూ బస్తాలతో గుండ్రంగా దడి కట్టి, లోపల నీరు నిలిచి ఊట తేటపడేదాకా ఎత్తు పెంచండి, దాన్ని పూర్తిగా బిగించేయకండి. ముతక ఇసుక, కంకర, రాయి ఆ వరుసలో వేయండి. నీటి వైపు సుడి కనిపిస్తే అక్కడికి మట్టి బస్తాలు, గడ్డి మోపులు, టార్పాలిన్ పైనుంచి వదలండి, మనుషులు నీళ్లలోకి దిగకూడదు, ఆ సుడి మనిషిని లాక్కోగలదు. నీళ్లు తగ్గించాలని కంగారులో మట్టికట్టనే కోయకండి, అది చేతిలో ఆగదు. కోయక తప్పని పరిస్థితిలో కట్టకు దూరంగా, అలుగు పక్క గట్టి నేలలో, ఇంజనీరు చూపిన చోటే కోయాలి.

గండం గడిచాక కూడా కింది ఇళ్లవాళ్లను ఆ రాత్రికి వెనక్కి పంపకండి. ఊట తేటగా ఉందని, మట్టం దిగుతోందని, పగుళ్ల మేకుల మధ్య దూరం మారడం లేదని పగటి వెలుతురులో చూశాక ఇంజనీరు చెప్పాలి. లీకు కారణం దొరికి, మరమ్మతు పూర్తయ్యేదాకా చెరువును సగం మట్టానికి మించి నింపకండి. ఆ సీజన్‌కు బోట్లు ఒడ్డునే ఉండనివ్వండి.